శేషం లేని ఊరు

ఎర్రమెట్ట నగర పంచాయతీకి కమిషనరుగా వచ్చిన పొట్నూరు వైకుంఠరావుకి ఆ ఊళ్లో పుష్కలంగా కనిపించినవి రెండే: ఎర్ర దుమ్ము, నీళ్ల పైపులు. ఏటి దగ్గర్నుంచి ప్రతి వీధి చివరిదాకా పైపులు వేసి ఉన్నాయి. కొళాయిలు బిగించి ఉన్నాయి. కొండ మీద ట్యాంకు కట్టి, రంగు వేసి, ఆ రంగు వెలిసిపోతే మళ్లీ వేశారు. ట్యాంకు నిండా నీళ్లున్నాయి. ట్యాంకు కింద పెద్ద వాల్వు, వాల్వుకి తాళం ఉన్నాయి. ఆ తాళంచెవి సాక్షాత్తూ వైకుంఠరావు జేబులోనే ఉంది. తిప్పడానికి అనుమతి మాత్రం లేదు.

ఎందుకు లేదంటే ఊరు సమానంగా లేదు.

ఆ ఏడాది ప్రభుత్వానికి సమానత్వం మీద మోజు పుట్టింది. అంతకు ముందు ఏడాది ఆఫీసుకో తులసికోట అన్న మోజు పుట్టి, కోటలు నిలిచి తులసి మాత్రం ఎండిపోయింది. ఈసారి అలా కాకూడదని గట్టి ఉత్తర్వే వేశారు. "ప్రతి పట్టణమును తొమ్మిదికి తగ్గకుండా, సాధ్యమైనంత తక్కువ వార్డులుగా విభజించవలెను. అన్ని వార్డులందును జనాభా అక్షరాలా సమానముగా నుండవలెను. శేషముగా ఒక్కరు మిగిలినను విభజన చెల్లదు. విభజన చెల్లని పట్టణమునకు నీటి సరఫరా వర్తించదు." దానికి సమవిభజన మిషన్ అని పేరు. జనాభా లెక్క కోసం ఒక పోర్టల్ పెట్టారు. అది పుట్టినవాళ్లని కలుపుకుంటూ, పోయినవాళ్లని తీసేసుకుంటూ, ఊరి జనాభాని గడియారంలా చూపిస్తూ ఉంటుంది.

చుట్టుపక్కల ఊళ్లన్నీ ఏదో ఒక రకంగా తెగాయి. ఎర్రమెట్ట తెగలేదు. ఎర్రమెట్ట జనాభా పదివేల ఏడు.

వైకుంఠరావు తొమ్మిదితో భాగించాడు, ఎనిమిదిమంది మిగిలారు. పదితో భాగించాడు, ఏడుగురు మిగిలారు. పన్నెండుతో భాగిస్తే పదకొండుమంది మిగిలి, ఇంతకు ముందు వాళ్లే నయమనిపించారు. అలా వందదాకా వెళ్లి, క్యాలిక్యులేటర్ మూసేసి, ఇంటికి వెళ్లి మంచినీళ్లడిగాడు.

"బిందెలో అడుగున ఉన్నాయి. వంచుకోండి," అంది భార్య సుగుణ. రోజూ తెల్లారకుండానే ట్యాంకరు దగ్గర కమిషనరు భార్య అన్న మొహమాటం లేకుండా నిలబడి, రెండు బిందెలు మోసుకొస్తుందావిడ. అరచేతులు కాయలు కాచాయి. "ఒక మాట సెప్తాను, కోపం తెచ్చుకోకండి. ఉగాదిలోగా కొళాయిలో నీళ్లు రాకపోతే పచ్చడి నేను మా అమ్మ దగ్గరే తింటాను. తిన్నాక తిరిగొస్తానని మాత్రం నాకు నమ్మకం లేదు."

ఆవిడ అన్నంత పనీ చేస్తుందని ఇరవయ్యేళ్ల కాపురంలో ఆయనకి బాగా తెలుసు. ఆవిడ లేని ఇల్లు తలుచుకుంటే ఆయనకి నిజంగానే దిగులేసింది. తాళంచెవి జేబులో పెట్టుకుని పెళ్లాంచేత నీళ్లు మోయించే మగాడు తనొక్కడేనని సిగ్గు కూడా వేసింది.

మర్నాడు మిషన్ సంచాలకులు దివాకర పాణిగ్రాహిగారు స్వయంగా ఎర్రమెట్ట వేంచేశారు. ఆయన కారు దిగితే గాలి కూడా అటెన్షన్‌లో నిలబడుతుందని ప్రతీతి.

"అయ్యా, మిగిలినవాళ్లని చివరి వార్డులో సర్దేస్తే..." అన్నాడు వైకుంఠరావు.

"మిస్టర్ వైకుంఠరావ్! శేషం అనేది సమానత్వానికి మచ్చ. ఈ రోజు ఏడుగుర్ని సర్దితే రేపు డెబ్భైమందిని సర్దుతారు. అసలు మీ సంఖ్య ఎందుకు సహకరించడం లేదు?"

అది చెప్పడానికి జూనియర్ కాలేజీ లెక్కల లెక్చరర్ మజ్జి అనసూయని పిలిపించారు. ఆవిడ అంకె చూసి, ముద్దొచ్చిన పిల్లని చూసినట్టు నవ్వింది. "పదివేల ఏడు ప్రధాన సంఖ్యండి. ఒకటి, తను, ఈ రెండూ తప్ప దీనికి వేరే కారణాంకాలు లేవు. మీరెంతమందిగా పంచినా ఎవరో ఒకరు మిగులుతారు."

"ఎవరి ఉత్తర్వు మీద?" అన్నారు పాణిగ్రాహి.

"ఉత్తర్వేమీ లేదండి. దాని స్వభావం అంతే."

"స్వభావం మార్చుకోవడానికి దానికి తగిన అవకాశం ఇచ్చారా?"

అనసూయ నవ్వు ఆపుకోవడానికి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఇవ్వలేదని అర్థం చేసుకుని, పాణిగ్రాహిగారు సంఖ్యకి సంజాయిషీ నోటీసు ఇప్పించారు. "పదివేల ఏడు అను సంఖ్యకు తెలియజేయునది. తాము తొమ్మిది మొదలు ఏ అంకె చేతను భాగింపబడక ప్రభుత్వ విధానమునకు అవరోధము కల్పించుచున్నారు. తమపై చర్య ఎందుకు తీసుకొనరాదో వారము లోగా తెలుపవలెను." నోటీసు ఆఫీసు గోడకి అంటించారు. వారంలోగా జవాబు రాలేదు గనుక సంఖ్య తన తప్పు ఒప్పుకున్నట్టేనని రాసుకున్నారు. ఒప్పుకుంది గానీ లొంగలేదు. మొండివాడు రాజుకన్నా బలవంతుడని పెద్దలు ఊరికే అనలేదు.

తరవాత విభజన అవగాహన వారోత్సవాలు జరిపారు. బడిపిల్లలు ఎండలో ఊరేగింపుగా నడిచి, "భాగింపబడదాం, బాగుపడదాం" అని అరిచి, ఒకళ్లిద్దరు సొమ్మసిల్లారు. వాళ్ల మొహాన చల్లడానికి నీళ్లు లేక సోడా కొట్టారు.

"ఏడుగురిని ఊరు దాటించండి," అన్నారు పాణిగ్రాహి చివరికి. "పదివేలు మిగులుతుంది. ఎంత అందమైన సంఖ్య!"

ఊరు విడిచి వెళ్లదగినవారి పేర్లు చెప్పమని దండోరా వేయించారు. తెల్లారేసరికి ఏడుగురు కాదు, ఏడువందల పేర్లు వచ్చాయి. ఒక్కడూ తన పేరు చెప్పలేదు. ప్రతివాడూ పక్కింటివాడి పేరు చెప్పాడు. వైకుంఠరావు పేరు చాలాసార్లు వచ్చింది. దాంతో ఆ ప్రయత్నం ఆయనే ఆపించేశాడు.

అప్పుడే ఆయన బుర్రలో దీపం వెలిగింది. ఏడుగుర్ని తీయడమెందుకు, ఒకరిని కలిపితే పోలా? పదివేల ఎనిమిది తొమ్మిదితో చక్కగా పోతుంది. ఆ ఒక్కరూ ఎవరో కూడా తోచింది. వెంటనే బొబ్బిలిలో ఉన్న అత్తగారు అచ్చియ్యమ్మకి ఫోన్ చేశాడు.

"అత్తయ్యగారూ, మీరు మా దగ్గరికి వచ్చేయండి. మా ఊరి మనిషిగా దరఖాస్తు పెడితే చాలు."

"నీళ్లు నేని ఊరికి నానొచ్చి ఏటి సెయ్యాల బాబూ? పిల్లనిచ్చినాను, ఆ పాపం సాలదా? కొళాయిలో నీళ్లొచ్చిన్నాడు కబురెట్టు, వొస్తాను."

"మీరొస్తేనే నీళ్లొస్తాయండీ."

"నీళ్లొస్తేనే నానొస్తాను."

పిచ్చి కుదిరితేగానీ పెళ్లి కాదు, పెళ్లయితేగానీ పిచ్చి కుదరదు అన్న సామెత వైకుంఠరావు చిన్నప్పట్నుంచీ వింటూనే ఉన్నాడు. అది తన కొంపలోనే కాపురం ఉందని ఆ రోజు తెలిసింది.

అత్తగారు కాకపోతే మరొకరు. ఆఫీసులో వీధులూడ్చే పైడిరాజు భార్య కనకానికి నెలలు నిండాయన్న కబురు చెవిన పడేసరికి ఆయనకి పోయిన ప్రాణం లేచొచ్చింది. ఒక్క బిడ్డ! తొమ్మిది వార్డులు, వార్డుకి పదకొండువందల పన్నెండుమంది, శేషం సున్నా. విషయం పాణిగ్రాహిగారికి చేరింది. ఆసుపత్రి గుమ్మానికి "పదివేల ఎనిమిదవ పౌరునికి స్వాగతం" అని బ్యానరు కట్టారు. బ్యాండు మేళం పెట్టారు. డాక్టరమ్మ కాన్పు గదిలోకి వెళ్తుంటే పాణిగ్రాహిగారు ఆవిడతో "మిషన్ మీ చేతుల్లో ఉంది" అన్నారు. లోపల కనకం పెడుతున్న కేకలకి ఆవిడకి అది వినపడలేదు.

కాసేపటికి పసిపిల్ల ఏడుపు వినిపించింది. బ్యాండు మోగింది. వైకుంఠరావు చేతులు జోడించి పైకి చూశాడు. బ్యాండు ఆగింది. ఏడుపు ఆగలేదు. ఇంకొంచెం హెచ్చింది. నర్సు బయటికొచ్చి నవ్వుతూ చెప్పింది: "కవలలండీ! ఇద్దరూ ఆడపిల్లలే, బంగారాల్లా ఉన్నారు!"

గోరుచుట్టు మీద రోకలిపోటు అంటే అదే. పోర్టల్లో అంకె పదివేల తొమ్మిదికి ఎగిరింది.

అనసూయని మళ్లీ పిలిపించారు. ఆవిడ అంకె చూసి ఈసారి పైకే నవ్వేసింది. "ఇదీ ప్రధాన సంఖ్యేనండి! పదివేల ఏడు, పదివేల తొమ్మిది. ఇలా మధ్యలో ఒక్క అంకె ఎడంతో ఉన్నవాటిని కవల ప్రధాన సంఖ్యలంటాం. కనకానికి కవలలు, ఊరికీ కవలలే."

"ఇదీ తెగదని గ్యారంటీ ఏమిటి?"

"వందలోపున్న ప్రధాన సంఖ్యలతో భాగించి చూడండి. వాటితో తెగకపోతే ఇంక దేనితోనూ తెగదు, తనతో తను తప్ప."

"వందతో ఆపేస్తే ఆడిట్‌కి ఏం జవాబు చెప్పాలి?" అన్నారు పాణిగ్రాహి. "తొమ్మిది దగ్గర మొదలుపెట్టండి. చివరిదాకా వెళ్లండి. ఒక్క అంకెని కూడా విడిచిపెట్టవద్దు."

ఆఫీసులో పనులన్నీ కట్టిపెట్టి భాగహారాలు మొదలుపెట్టారు. జనన ధ్రువపత్రాల గుమస్తా, దోమల మందు కొట్టేవాళ్లు, పన్నులవాళ్లు అంతా తలా కొన్ని అంకెలు పంచుకున్నారు. ఊళ్లో చెత్త పేరుకుపోయింది. శేషాలు గుట్టలుగా తేలాయి. అందరికన్నా చిన్న ఉద్యోగి గనుక జూనియర్ అసిస్టెంటు సన్యాసిరావుకి చిట్టచివరి అంకెలు దక్కాయి. అతను ఉగాది ఇంకా వారముందనగా ఒక మధ్యాహ్నం కుర్చీ వెనక్కి పడిపోయేలా లేచాడు.

"పోయింది సార్! పోయింది! శేషం సున్నా!"

"దేనితో?" అంటూ అందరూ మూగారు.

"పదివేల తొమ్మిదితో సార్! ఒక్కసారికే పోయింది!"

అనసూయ కళ్లనీళ్లొచ్చేలా నవ్వి, "నేను మొదటి రోజు చెప్పింది అదే కదండీ!" అంది.

"మీరు చెప్పారు. మేము సాధించాం," అన్నారు పాణిగ్రాహి. ఆయన ముఖం వెలిగిపోతోంది. "ఉత్తర్వులో ఏముంది? వార్డులు తొమ్మిదికి తగ్గకూడదు. ఎంతకి మించకూడదో ఎక్కడా లేదు. పదివేల తొమ్మిది వార్డులు! వార్డుకి ఒక్కరు! ఇంతకన్నా సమానత్వం ఏముంటుంది?"

వైకుంఠరావుకి మొదట నవ్వొచ్చింది, తరవాత భయమేసింది, ఆ తరవాత సుగుణ సర్దిపెట్టుకున్న సూట్‌కేసు గుర్తొచ్చి, "చిత్తం" అన్నాడు. ఆ సాయంత్రమే పోర్టల్‌లో పచ్చటి టిక్కు పడింది. పుట్టుకా చావూ దైవాధీనాలు గనుక ఐదేళ్లదాకా వాటివల్ల విభజన మారదనీ, పొరుగూరివాళ్లు ఎవరైనా దరఖాస్తు పెట్టుకుని ఊళ్లో చేరితే మాత్రం మళ్లీ మొదట్నుంచీ విభజించాలనీ కింద చిన్న అక్షరాల్లో ఉంది. వైకుంఠరావు చిన్న అక్షరాలు కూడా చదివే మనిషి.

వార్డులున్నాక ఎన్నికలుండాలి. అవీ ఆ వారంలోనే జరిపించేశారు. అంత ప్రశాంతమైన ఎన్నికలు ఆ జిల్లా ఎరగదు. వార్డుకి ఒక ఓటరు, ఆ ఓటరే అభ్యర్థి, ప్రతిపాదించేదీ వాడే. ప్రచారానికి అద్దం ముందు నిలబడితే చాలు. అయినా కొందరు అలవాటు మానుకోలేక తమ ఓటుని తామే బిర్యానీ పెట్టి కొనుక్కున్నారు. పసిపిల్లల వార్డులకి తల్లులే ఇన్‌చార్జీలు గనుక కనకం మూడు వార్డుల నాయకురాలైంది. పోస్టాఫీసు వీధిలో ఉండే రిటైర్డ్ తహసీల్దారుగారి వార్డులో మాత్రం నోటా గెలిచింది. కారణమేమని అడిగితే, తన సంగతి తనకి తెలియదా అన్నాడాయన.

తొలి కౌన్సిల్ సమావేశం ఉగాది ముందురోజు సంత మైదానంలో పెట్టారు. ఊరు ఊరంతా వచ్చింది. ముందు వరసలో సుగుణ కూర్చుంది, పక్కన సూట్‌కేసు ఉంది. సాయంత్రం బొబ్బిలి బస్సుకి టైమైపోతుందని ఆవిడ ఇంట్లోనే చెప్పింది. కనకం ఇద్దరు బిడ్డల్నీ చెరో భుజాన వేసుకుని నిలబడింది. వైకుంఠరావు తాళంచెవి పట్టుకుని వేదిక మీద సిద్ధంగా ఉన్నాడు. పాణిగ్రాహిగారు మైకు అందుకున్నారు.

"గౌరవ కౌన్సిలర్లారా! జనాభా సమానమైంది. ఇక నీరు కూడా వార్డుకింతని నిశ్శేషంగా పంచవలసి ఉన్నది. ట్యాంకులో పది లక్షల లీటర్లున్నాయి. వార్డుకి తొంభైతొమ్మిది లీటర్లు పోగా తొమ్మిది వేల నూట తొమ్మిది లీటర్లు శేషం మిగులుచున్నది. ఈ శేషమునకు పరిష్కారం లభించువరకు వాల్వు తెరవరాదు."

వైకుంఠరావు భార్యకేసి చూడలేకపోయాడు. సుగుణ సూట్‌కేసు పిడి మీద చెయ్యి వేసింది.

అప్పుడు కనకం గొంతెత్తింది. "అయ్యా, మిగిలిన నీళ్లు గొడ్లకి పోసీండి. గొడ్లకి వార్డు నేదు కదా."

"నిబంధనల్లో పశువుల ప్రస్తావన లేదమ్మా."

"లేదంటే వద్దని కాదు కదండీ," అంది సుగుణ, సూట్‌కేసు మీంచి చెయ్యి తీసి లేచి నిలబడి. "వార్డులు ఎంతకి మించకూడదో లేదు కాబట్టే కదా మమ్మల్నందర్నీ కౌన్సిలర్లని చేశారు మీరు. గొడ్లకి పోయకూడదని ఎక్కడుందో సదివి వినిపించండి, కూచుంటాను."

పాణిగ్రాహిగారు కాయితాలు అటూ ఇటూ తిప్పారు. ఆయన వాదన ఆయనకే ఎదురొచ్చేసరికి జీవితంలో మొదటిసారి మాట తడబడింది. "ఇది... కౌన్సిల్ తీర్మానించవలసిన అంశం," అన్నారు.

"అయితే తీర్మానిస్తన్నాం," అంది కనకం. ఎత్తడానికి ఆమెకి చేతులు ఖాళీ లేవు. పక్కనున్నావిడ ఒక బిడ్డని అందుకుంది. మూడు వార్డుల తరఫునా ఆ ఖాళీ అయిన చెయ్యి పైకి లేచింది. వెనకాల మైదానమంతా చేతులు లేచాయి. నోటా గెలిచిన తహసీల్దారుగారు కూడా పొరపాటున ఎత్తేసి, హక్కు లేదని గుర్తొచ్చి దించేశారు.

వైకుంఠరావు ఉద్యోగంలో చేరిన దగ్గర్నుంచీ పైవాళ్ల మాటే విన్నాడు. కౌన్సిల్ తీర్మానం చేస్తే కమిషనరు అమలు చేయాలి, ఆ రూలు ఆయనకి నోటికొచ్చు. ఇప్పుడు ఆ పైవాళ్లంతా ఎదురుగా దుమ్ములో చెప్పుల్లేకుండా నిలబడి ఉన్నారు. ఆయనకి ఎంత ధైర్యం వచ్చిందంటే పాణిగ్రాహిగారికి చెప్పకుండానే వేదిక దిగి, కొండ ఎక్కడం మొదలుపెట్టాడు. వెనకే ఊరు కదిలింది.

తాళం వచ్చింది గానీ వాల్వు తుప్పుపట్టి బిగుసుకుపోయింది. పైడిరాజు, సన్యాసిరావు, ఇంకా ఎందరో కౌన్సిలర్లు చక్రం పట్టుకుని హైలెస్సా అన్నారు. కీచుమని తిరిగింది. కింద వీధుల్లో కొళాయిలు దగ్గాయి, ఎర్రటి నీళ్లు కక్కాయి, తరవాత తెల్లగా దూకాయి. సుగుణ కొండ దిగివచ్చి, ఇంటి ముందు కొళాయి కింద దోసిలి పట్టి, మొహం కడుక్కుని, మళ్లీ మళ్లీ కడుక్కుంది. అదంతా నీళ్లేనా అని వైకుంఠరావు అడగలేదు. బొబ్బిలి బస్సు ఆవిడ లేకుండానే వెళ్లిపోయింది.

ఉగాది పచ్చడి ఇంట్లోనే తిన్నారు. పాణిగ్రాహిగారు ఇదంతా మిషన్ విజయమని, దీనికి ఎర్రమెట్ట నమూనా అని పేరు పెట్టి, రాజధానిలో శాలువా కప్పించుకున్నారు. ఊళ్లో మాత్రం చిత్రమైన మార్పు వచ్చింది. రోడ్డు గుంట పడితే "మా కౌన్సిలర్ ఏం చేస్తున్నాడు?" అని తిట్టడానికి ఎవరికీ వీల్లేకపోయింది. తిట్టబోయి, ఆగి, పార తెచ్చుకున్నారు. కనకం ఆఫీసుకొస్తే పెద్ద గుమస్తా కూడా కుర్చీ వేశాడు.

పది రోజులకి బొబ్బిలి బస్సు దిగింది అచ్చియ్యమ్మ. నెత్తిన ఇనప్పెట్టె, చంకలో ఇత్తడి బిందె.

"నీళ్లొచ్చినాయని తెలిసింది, వొచ్చీసినాను," అంది గుమ్మంలోనే. "నా పేరు ఎక్కించు బాబూ. ఈ ఊర్లో అందరూ కౌన్సిలర్లంట కదా. నాకూ ఒక వార్డు గావాల."

వైకుంఠరావు ఫోన్ తీసి లెక్క వేశాడు. పదివేల పది. పదితో భాగించాడు. వార్డుకి వెయ్యిన్నొక్కరు, శేషం సున్నా. ఏడుతో, పదకొండుతో, పదమూడుతో కూడా భాగించి చూశాడు. అన్నిటితోనూ వెన్నలా తెగింది. ఏ అంకె కోసమైతే ఇన్నాళ్లూ దేవుళ్లకి మొక్కాడో అంతకన్నా మంచి అంకె నెత్తిన పెట్టె పెట్టుకుని గుమ్మంలో నిలబడి ఉంది. ఆవిడ పేరెక్కిస్తే ఊరు పది వార్డులవుతుంది, పదిమంది కౌన్సిలర్లుంటారు. మిగతావాళ్లంతా రేపట్నుంచి మళ్లీ వరసలో నిలబడి దండాలు పెట్టాలి. కనకానికి వేసిన కుర్చీ తీసేస్తారు.

ఆయన ఫోన్ జేబులో పెట్టేసి, అత్తగారి నెత్తి మీద పెట్టె దింపాడు.

"మీరు చుట్టపుచూపుగా వచ్చారు అత్తయ్యగారూ."

"ఎన్నాళ్లుంటే సుట్టపుసూపు?"

"మీరున్నన్నాళ్లూనండి."

అచ్చియ్యమ్మ అల్లుణ్ని ఎగాదిగా చూసింది, కూతుర్ని చూసింది, ఆఖరికి ధారగా కారుతున్న కొళాయిని చూసింది. చంకలో బిందె తీసి ఆయన చేతిలో పెట్టి, వీధరుగు మీద చతికిలబడింది.

"అలగైతే నీళ్లు నువ్వే పట్టు బాబూ. సుట్టం సేత పని సేయించకూడదు."

ఎర్రమెట్ట మొత్తానికి మిగిలిన ఆ ఒక్క శేషానికీ వైకుంఠరావు బిందె నిండా నీళ్లు పట్టాడు.